డోడో ఎముకలు ఎవరి పాదాలకు తగిలాయి?

మారిషస్ ఆగ్నేయ తీరాన, విమానాశ్రయానికి దగ్గరలో ఒక చిత్తడి నేల ఉంది. దాని పేరు మార్ ఓ సోంజ్. 'మార్' అంటే మడుగు. 'సోంజ్' మీకు తెలిసిందే. ఇంట్లో వండుకునే బ్రెడ్ సోంజ్‌నే తెలుగులో చామాకు అంటాం. అంటే ఆ చోటు పేరును 'చామల మడుగు' అని చెప్పుకోవచ్చు. ప్రపంచంలోని పెద్ద పెద్ద మ్యూజియంలలో మీరు చూసే డోడో ఎముకల్లో చాలా భాగం ఈ మడుగు నుంచి వెళ్ళినవే.

డోడో కథ మొదలు మీరు బడిలో చదివే ఉంటారు. 1598లో డచ్ నావికులు ఈ దీవికి వచ్చారు. వారి వెంట ఎలుకలు, పందులు, కోతులు కూడా దిగాయి. డోడో ఎగరలేదు. నేల మీదే గుడ్డు పెడుతుంది. చాలామంది ఒప్పుకునే ఆఖరి సాక్ష్యం 1662 నాటిది. ఆ తరువాత ఒక తల, ఒకటి రెండు కాళ్ళు, కొన్ని బొమ్మలు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. అసలు అలాంటి పక్షి ఉండేదా అని కొందరు సందేహపడ్డారు కూడా.

ఇక కథలోకి మనవాళ్ళు వస్తారు.

1865లో ఆ మడుగు ప్లెజాన్స్ చెరకు తోటలో భాగం. కూలీలు అక్కడ బురదమట్టి తవ్వి, ఎరువుగా పొలానికి మోసేవారు. తవ్వుతుంటే పెద్ద తాబేళ్ళ ఎముకలు బయటపడ్డాయి. ఆ మాట మాహెబూర్‌లో బడి పంతులుగా ఉన్న జార్జ్ క్లార్క్ చెవిన పడింది. ఆయన ఏళ్ళ తరబడి డోడో ఎముకల కోసం వెతుకుతున్నాడు. కొందరు కూలీలను మడుగు నడిమధ్యకు పంపాడు. అక్కడ నీళ్ళు దాదాపు మూడు అడుగుల లోతు. చేతులతో వెతకడం కుదరదు. వాళ్ళు చెప్పులు లేని పాదాలతో బురదను తడుముతూ నడిచారు. అలా తడుముతుంటే పాదాలకు గట్టిగా ఏదో తగిలింది. బయటికి తీస్తే డోడో కాలి ఎముకలు!

ఈ సంగతి స్వయంగా క్లార్కే రాసిపెట్టాడు. కానీ ఆ రాతలో వాళ్ళు 'కూలీలు' మాత్రమే. క్లార్క్ పేరు మిగిలింది. ఎముకలను కొన్న మ్యూజియంల పేర్లు, వాటి మీద 1866లో పుస్తకం రాసిన లండన్ పండితుడు రిచర్డ్ ఓవెన్ పేరు మిగిలాయి. బురదలో నిలబడ్డవారి పేర్లు రాతకెక్కలేదు.

ఆ ఎముకలు ఏం చెప్పాయో ఇప్పుడు చూద్దాం. ఇంట్లో కోడికూర వండిన రోజు రొమ్ము ఎముకను పారేయకుండా కడిగి చూడండి. దాని మధ్యలో పడవ అడుగులా నిలువుగా ఒక గట్టు ఉంటుంది. రెక్కలు కొట్టే కండ పట్టుకునేది దానికే. బాగా ఎగిరే పావురానికి ఆ గట్టు ఎత్తుగా ఉంటుంది. డోడోకు అది చాలా చిన్నది. రెక్క ఎముకలూ చిన్నవే. కాలి ఎముకలు మాత్రం లావు. ఇది నడిచే పక్షి అని ఎముకే చెబుతోంది.

ఎముకను నమ్మకుండా బొమ్మను నమ్మితే ఏమవుతుందో ఓవెన్ పనిలో కనిపిస్తుంది. 1866లో ఆయన ఒక పాత వర్ణచిత్రం గీతలో ఇమిడేలా అస్థిపంజరాన్ని అమర్చాడు. డోడో పొట్టిగా, బొద్దుగా, చతికిలపడినట్టు తయారైంది. 1872లో ఆయనే దాన్ని సరిదిద్ది నిటారుగా నిలబెట్టాడు. అయినా ఆ బొద్దు బొమ్మ జనం మనసులోంచి ఇప్పటికీ పోలేదు.

2002లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన డోడో ఒక పావురమని గట్టిపరిచింది. బతికున్నవాటిలో దాని దగ్గరి చుట్టం నికోబార్ పావురం. మన పెద్దలు కోరంగి రేవులో ఓడెక్కి దాటిన బంగాళాఖాతంలోనే నికోబార్ దీవులు ఉన్నాయి.

2017లో శాస్త్రవేత్తలు డోడో ఎముకలను పలుచగా కోసి మైక్రోస్కోపు కింద చూశారు. చెట్టు మానులో వలయాలు ఉన్నట్టే ఎముకలోనూ ఎదుగుదల గుర్తులు ఉంటాయి. వాటిని బట్టి డోడో ఆగస్టు ప్రాంతంలో గుడ్డు పెట్టేదని, పిల్ల త్వరగా ఎదిగేదని తేల్చారు. ఎందుకు అంత తొందర? నవంబరు దాటితే తుఫాన్ల కాలం. ఆ భయం మీకూ తెలిసిందే కదా!

మడుగు కథ అక్కడితో ఆగలేదు. 1867 ప్రాంతంలో మలేరియా ఈ దీవిలో వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. వారిలో తోట కూలీలు ఎందరో. 1940లలో దోమల బెడద తగ్గించడానికి మడుగును రాళ్ళతో పూడ్చేశారు. 2005లో డచ్, మారిషస్ శాస్త్రవేత్తలు కలిసి తవ్వితే, రాళ్ళ కింద ఎముకల పొర చెక్కుచెదరకుండా కనిపించింది. దాని వయసు సుమారు 4,200 ఏళ్ళు. అప్పట్లో పెద్ద కరువు వచ్చింది. నీటి కోసం వచ్చిన తాబేళ్ళు, డోడోలు ఆ మడుగు దగ్గరే చనిపోయాయి. అంటే మనిషి ఈ దీవిలో అడుగు పెట్టడానికి ఎంతో ముందే.

ఈసారి పోర్ట్ లూయీ మ్యూజియానికి వెళితే డోడో అస్థిపంజరం ముందు కాసేపు నిలబడండి. రొమ్ము ఎముక చూడండి, రెక్క చూడండి, కాలు చూడండి. తెలుగులో పేర్లు చెప్పి పక్కనున్న పిల్లలకు చూపించండి.

ఇంకొక పని. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఒప్పంద కూలీల పాత రిజిస్టర్లు ఉన్నాయి. ఎక్కి వచ్చిన ఓడ, పుట్టిన ఊరు, తండ్రి పేరు వంటి వివరాలు వాటిలో దొరుకుతాయి. "మన ముత్తాత ఏ తోటలో పనిచేశాడు నానమ్మా?" అని ఇంట్లో అడగండి. ఆమె చెప్పిన పేరును ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఎముక బురదలో నాలుగు వేల ఏళ్ళు నిలిచింది. పేరు మాత్రం ఎవరో ఒకరు రాస్తేనే నిలుస్తుంది.