గిటార్ ట్యూబ్ యాంప్‌లో హమ్ వస్తోందా? విప్పకముందే ఫోన్‌తో ఇలా చెక్ చేయండి

గిటార్ ట్యూబ్ యాంప్ అంటే మన తాతల కాలం నాటి వాల్వు రేడియోకి దగ్గరి చుట్టం. గాజు వాల్వులు, రెండు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, కొన్ని కెపాసిటర్లు, రెసిస్టర్లు. ముఖ్యమైనవి ఇవే. కాబట్టి ఇందులో ఫాల్ట్ వెతకడం కోడ్ డీబగ్ చేయడం లాంటిదే. సర్క్యూట్‌ని సగం సగం చేసుకుంటూ వెళ్తే తప్పు ఏ వైపు ఉందో తెలిసిపోతుంది.

మా ఏలూరు వైపు వాల్వు యాంప్ పని తెలిసిన మెకానిక్ దొరకడం అంత తేలిక కాదు. అందుకే "యాంప్ పాడైంది" అని కాకుండా ఫలానా భాగం మీద అనుమానం అని చెప్పగలిగితే టైమ్, డబ్బు రెండూ మిగులుతాయి.

ముందు ప్రాణం, తర్వాతే యాంప్

యాంప్ లోపల సాధారణంగా 300 నుంచి 450 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో ఆ చార్జ్ నిలిచే ఉండొచ్చు. అది ప్రాణం తీయగలదు. కింద చెప్పినవేవీ ఛాసిస్ విప్పకుండా చేసేవే. ఇంకో రూల్: స్పీకర్ కనెక్ట్ చేయకుండా ట్యూబ్ యాంప్ ఆన్ చేసి వాయించకండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

స్టెప్ 1: కేబుల్ తీయండి, వాల్యూమ్ తగ్గించండి

గిటార్ కేబుల్ పీకగానే శబ్దం ఆగిపోతే తప్పు గిటార్‌లోనో కేబుల్‌లోనో ఉన్నట్టు. ఆగకపోతే వాల్యూమ్ సున్నాకి తెండి. అప్పుడు తగ్గితే వాల్యూమ్ నాబ్‌కి ముందున్న ప్రీయాంప్ భాగాన్ని అనుమానించాలి. అంటే 12ఏఎక్స్7 లాంటి చిన్న వాల్వులు. ఏ మార్పూ లేకపోతే పవర్ సెక్షనో, పవర్ సప్లైయో.

స్టెప్ 2: 50 హెర్ట్జా, 100 హెర్ట్జా?

ఇక్కడ మీ ఫోన్ పనికొస్తుంది. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఫ్రీగా దొరుకుతుంది. అందులో ఆడియో స్పెక్ట్రమ్ ఓపెన్ చేసి, ఫ్యాన్ ఆపేసి, ఫోన్‌ని స్పీకర్ ముందు పెట్టండి.

మన కరెంటు 50 హెర్ట్జ్. రెక్టిఫైయర్ దాన్ని డీసీగా మార్చేటప్పుడు మిగిలే అల 100 హెర్ట్జ్. కాబట్టి 100, 200, 300 దగ్గర మాత్రమే పీక్స్ కనిపిస్తే ఫిల్టర్ కెపాసిటర్లు బలహీనపడి ఉండొచ్చు. పవర్ వాల్వుల జత సరిగా కలవకపోయినా ఇలాగే వస్తుంది. 50, 150, 250 దగ్గర కూడా ఉంటే హీటర్ వైరింగో, ఎర్త్ సమస్యో. చాలా ఫోన్ మైకులు 50 హెర్ట్జ్‌ని సరిగా పట్టలేవు, అందుకే 150, 250 కూడా చూడండి.

తాడేపల్లిగూడెంలో ఒక ఫ్రెండ్ దగ్గరున్న 15 వాట్ల యాంప్ చాలాకాలం వాడకుండా పడి ఉంది. వాల్యూమ్ సున్నాలో కూడా అదే హమ్, ఫోన్‌లో 100 దగ్గర పెద్ద పీక్. వాడు కొత్త వాల్వులు ఆర్డర్ పెట్టబోయాడు. మెకానిక్ ఫిల్టర్ కెపాసిటర్లు మార్చగానే హమ్ పోయింది. పాత వాల్వులే ఇంకా నడుస్తున్నాయి.

50 కనిపిస్తే పెడల్ అడాప్టర్, లాప్‌టాప్ ఛార్జర్ ఒక్కోటిగా తీసి చూడండి. హమ్ పోతుంది కదా అని ప్లగ్ ఎర్త్ పిన్ మాత్రం తీసేయొద్దు. షాక్ నుంచి కాపాడేది అదే.

స్టెప్ 3: ఫ్యూజు ఎప్పుడు పోతోంది?

పవర్ స్విచ్ వేయగానే పోతే ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫైయర్ వైపు చూడాలి. స్టాండ్‌బై స్విచ్ మార్చాక పోతే మొదటి అనుమానం పవర్ వాల్వుల మీద, తర్వాత ఫిల్టర్ కెపాసిటర్ల మీద. వాల్వు లోపలి ప్లేటు ఎర్రగా కాలుతుంటే వెంటనే ఆఫ్ చేయండి, బయాస్ పోయి ఉండొచ్చు. ఇంట్లో ఫ్యూజుకి చేసినట్టు రాగి తీగ చుట్టడం, పెద్ద ఆంపియర్ ఫ్యూజు వేయడం ఇక్కడ అస్సలు వద్దు.

మన ఊళ్ల సమస్యలు

కరెంటు 230 నుంచి 190కి పడితే 6.3 వోల్టులు అందాల్సిన హీటర్‌కి 5.2 మాత్రమే అందుతుంది. సౌండ్ డల్ అవుతుంది, మనం వాల్వు పోయిందనుకుంటాం. కొత్తది కొనేముందు మంచి స్టెబిలైజర్ పెట్టి చూడండి.

కొల్లేరు చుట్టుపక్కల తేమ ఎక్కువ. జాకులు, వాల్వు సాకెట్ల పిన్నులు తుప్పు పట్టి చిటపట శబ్దం చేస్తాయి. వాల్యూమ్ తక్కువ పెట్టి పెన్సిల్‌తో ఒక్కో వాల్వునీ మెల్లగా తట్టండి. ఎక్కడ తడితే గట్టిగా మోగుతుందో ఆ వాల్వో, దాని సాకెట్టో అనుమానించాలి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన యాంప్ అయితే వెనకున్న లేబుల్ చదవండి. 120 వోల్టులని ఉంటే నేరుగా పెట్టొద్దు. 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీ మార్చదు, యాంప్ ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ వేడెక్కవచ్చు.

మెకానిక్‌కి ఏం పంపాలి?

స్పెక్ట్రమ్ స్క్రీన్‌షాట్, వాల్యూమ్ సున్నాలో ఏమైంది, ఫ్యూజు ఏ క్షణంలో పోయింది, వాల్వుల నంబర్లు. ఈ నాలుగూ వాట్సాప్‌లో పెడితే, యాంప్ బండెక్కించకముందే సగం పని అయిపోయినట్టే.