తెలిసిన కథలోని ఉత్కంఠ

సొఫొక్లీస్ నాటకం 'ఈడిపస్ రాజు'ను బోధించేటప్పుడు ముగింపును దాచిపెట్టకూడదని నా అభిప్రాయం. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు ఏథెన్స్ ప్రేక్షకులకు ఆ కథ ముందే తెలుసు: తండ్రిని చంపి, తల్లిని పెళ్ళాడినవాడు ఈడిపసే. తెలియనిది అతనికే. నాటకీయ వ్యంగ్యం పుట్టేది ఈ ఎడంలోనే.

థీబ్స్ నగరాన్ని మహమ్మారి పీడిస్తూంటుంది. పూర్వపు రాజు లాయస్‌ను చంపినవాణ్ణి శిక్షిస్తే తప్ప అది తొలగదని దైవవాణి. ఆ హంతకుణ్ణి ఈడిపస్ ప్రజల ఎదుట శపిస్తాడు. లాయస్ తన కన్నతండ్రే అయినట్లు అతని పక్షాన పోరాడతానంటాడు. ఉపమానమనుకొని పలికిన ఆ మాట అక్షరాలా నిజం. ఇక్కడ ఆగి, ఆ మాట అతని చెవికి ఎలా వినిపించిందో, మనకెలా వినిపించిందో విద్యార్థులను అడిగితే చాలు. నిర్వచనం తరవాత చెప్పుకోవచ్చు.

భావిసూచన పని వేరు: రాబోయేదానికి ముందుగానే ఒక ఆనవాలు వదిలిపెడుతుంది. అంధుడైన టైరీసియస్, చూపున్న రాజుకు అంధత్వం రానున్నదని చెబుతాడు. 'ఈడిపస్' అంటేనే వాచిన పాదాలవాడు. పసితనంలో చీలమండలకు చేసిన గాయం పేరులోనే ఉంది. (పాత మచ్చను బట్టి రోగచరిత్ర రాబట్టే మా వైద్యులకు ఇది మరీ నచ్చుతుంది.)

అన్నిటికన్నా గొప్పది కొరింత్ దూత సన్నివేశం. ఈడిపస్ భయం పోగొట్టబోయి, అతను కొరింత్ రాజు కన్నకొడుకు కాడని దూత చెబుతాడు. జొకాస్టాకు అంతా అర్థమైపోతుంది. ఇక విచారించవద్దని వేడుకుంటుంది. తన పుట్టుక హీనమైనదని ఆమె సిగ్గుపడుతోందనుకుంటాడు ఈడిపస్. అంతవరకూ మనకు తెలిసిన నిజం ఇప్పుడామెకూ తెలుసు. ఆమె లోపలికి వెళ్ళిపోతుంది. అతను గొర్రెలకాపరి కోసం ఎదురుచూస్తూ నిలబడతాడు.