మందుకు విరుగుడు మందు

నకరికల్లు ప్రాంతంలో మిరపకు, పత్తికి కొట్టేదీ మందే, ఆసుపత్రిలో ఇచ్చేదీ మందే. శరీరంలోకి వెళ్ళాక ఏ మందు ఏం చేస్తుందో చెప్పే శాస్త్రమే ఫార్మకాలజీ. హాస్టళ్ళలో ఉండి చదువుకుని, మా ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకుని, ఇప్పుడు నర్సింగులో పీజీ చేస్తున్న మేము ఆ పాఠం కొంత మన హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పదలిచాము.

డిగ్రీలో మందు పేరు, మోతాదు, దుష్ఫలితాలు వరసగా బట్టీ పట్టాము. పీజీలో ప్రశ్న వేరు. ఈ మందు ఎక్కడ, ఎలా పనిచేస్తుంది? ఇక చాలునని ఎలా తెలుస్తుంది?

మోనోక్రోటోఫాస్ సంగతే తీసుకుందాం. నరాల చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కండరాలకు, గ్రంథులకు కబురు అందిస్తుంది. పని అయ్యాక ఒక ఎంజైము దాన్ని విడగొడుతుంది. సాగర్ కాలువ నీళ్ళు పొలం తడిపాక మురుగు కాలువలోకి పోయినట్టన్నమాట. పురుగుమందు ఆ ఎంజైమును పట్టేస్తుంది. మురుగు కాలువ పూడితే చేను మునిగినట్టే మనిషికీ అవుతుంది. చొంగ, చెమట ధారకడతాయి. కంటిపాపలు సూదిమొనంత అవుతాయి. ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది.

దీనికి ముఖ్యమైన విరుగుడు అట్రోపిన్. అది విషాన్ని తీసెయ్యదు. చేలోకి నీరు రాకుండా మడవ కట్టినట్టు, కబురును గ్రంథులకు, గుండెకు చేరనివ్వదు. ఒక ఆంపూలులో 0.6 మిల్లీగ్రాములు ఉంటే, డాక్టరు 1.8 అన్నప్పుడు మూడు ఆంపూళ్ళు కావాలి. అయిదు నిమిషాల్లో గుణం లేకపోతే మోతాదు రెట్టింపు చేస్తారు. ఇక్కడే నర్సు చదువు అక్కరకొస్తుంది. ఛాతీలో గురగుర తగ్గిందా? నాడి, బి.పి. పెరిగాయా? చెమట ఆరిందా? ఒళ్ళు కాలుతూ, మతి తప్పి మాట్లాడుతూ, మూత్రం బిగిస్తే అట్రోపిన్ ఎక్కువైందేమోనని వెంటనే డాక్టరుకు చెప్పాలి.

కండరాల నీరసాన్ని అట్రోపిన్ బాగుచేయలేదు. కోలుకున్నాడనుకున్న మనిషికి ఒకటి నుంచి నాలుగు రోజుల్లోపు శ్వాస కండరాలు పట్టు తప్పవచ్చు. అందుకే "దిండు మీద నుంచి తల ఎత్తు పెదనాన్నా" అని మాటిమాటికీ అడుగుతాము. తల ఎత్తలేకపోతే అది ప్రమాద సూచన. వెంటిలేటరు అవసరం రావచ్చు. ఆ కారణం తెలియని రోజుల్లో మాకు అది ఉత్త పలకరింపే. తెలిశాక అదే పరీక్ష అయింది.

ఇంట్లో మీరు చేయవలసినదీ ఉంది. ఉప్పునీళ్ళు తాగించి కక్కించకండి. 108కి ఫోను చేయండి. మీ చేతులకు మందు అంటకుండా, తడిసిన బట్టలు తీసి, ఒళ్ళు సబ్బునీళ్ళతో కడగండి. మందు డబ్బా వెంట పంపండి. దాని మీది పేరు చూస్తేనే విరుగుడు త్వరగా తేలుతుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పుస్తకం ఇంగ్లీషులో ఉందని జంకకండి. అందులో ఉన్నది మన చేను గట్టు మీది సంగతే. "ఎందుకు" అని అడుగుతూ చదవండి. ఆ ప్రశ్నే ఒక రాత్రి ఒక ప్రాణం నిలబెట్టవచ్చు.