నక్షత్రాన్ని వెంబడించే చిన్న యంత్రం

మన ఉన్నత పాఠశాలలలో దూరదర్శిని ఉన్నవి తక్కువ. ఉన్న చోట కూడా అది సంవత్సరంలో ఎక్కువ కాలం బీరువాలోనే ఉంటుంది. ఇందుకు చాలాసార్లు కారణం కటకాల లోపం కాదు. భూమి తిరుగుతూ ఉండడమే!

లెక్క వేసి చూడండి. సాధారణమైన అక్షికటకంతో వస్తువును 100 రెట్లు పెద్దదిగా చూసినప్పుడు దూరదర్శినిలో కనబడే ఆకాశ భాగం సుమారు అర డిగ్రీ మాత్రమే. అనగా నిండు చంద్రుడు పట్టేటంత. భూమి తన చుట్టు తాను 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లలో ఒకసారి తిరుగుతుంది. దీనిని నక్షత్ర దినం అంటారు. డిగ్రీలో అరవయ్యో వంతును కల అనీ, కలలో అరవయ్యో వంతును వికల అనీ అంటాం గదా. ఖగోళ మధ్యరేఖ దగ్గర ఉన్న నక్షత్రం సెకనుకు 15 వికలల చొప్పున పడమటికి జరుగుతుంది. అర డిగ్రీ దాటడానికి దానికి రెండు నిమిషాలు చాలు. 200 రెట్లతో చూస్తే ఒక్క నిమిషమే. తరగతిలో 40 మంది పిల్లలుంటే, శనిగ్రహపు వలయాన్ని ఒక్కొక్కరు అర నిమిషం చూడాలన్నా 20 నిమిషాలు కావాలి. నలుగురు చూసేసరికి గ్రహం తప్పుకుంటుంది. ఉపాధ్యాయుడు మళ్ళీ వెతికి పెట్టవలెను. అయిదో పిల్లవాడు కంటిని ఆనించేసరికి గొట్టం కదులుతుంది. ఇట్లా రెండు మూడు రాత్రులు గడిచాక దూరదర్శిని బీరువా చేరడంలో ఆశ్చర్యమేమున్నది?

భూమి తూర్పుకు తిరుగుతున్నంత వేగంతోనే దూరదర్శినిని పడమటికి తిప్పుతూ ఉంటే నక్షత్రం నిలిచిపోతుంది. ఈ ఉపాయం పాతదే. దీనికి సికింద్రాబాదువారు ఎంతో దూరం పోనక్కరలేదు. మెట్లబావి ఉన్న బన్సీలాల్‌పేటకు పడమటి దిక్కున, కొద్ది కిలోమీటర్లలోనే బేగంపేట ఉన్నది. నవాబు జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకున్నది. తరువాత అది బేగంపేటలో పనిచేసింది. అక్కడి 8 అంగుళాల ఛాయాచిత్ర దూరదర్శినితో, 1887లో పారిస్ మహాసభ సంకల్పించిన అంతర్జాతీయ నక్షత్ర పటంలో దక్షిణ క్రాంతి 17 మొదలు 23 డిగ్రీల వరకు గల పట్టీని హైదరాబాదువారు పూర్తిచేశారు. తరువాత ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల పట్టీని కూడా తీశారు. గాజు పలకపై నక్షత్రం చుక్కగా పడాలంటే నిమిషాల తరబడి గొట్టం దానిని విడవకుండా వెంబడించవలెను. ఆ రోజులలో ఈ పనిని బరువుతో నడిచే గడియార యంత్రం చేసేది. బావి గిలక తాడులాగా బరువు మెల్లగా దిగుతుంటే, తిరిగే గుండ్ల నియంత్రకం ఆ వేగాన్ని సమంగా ఉంచేది. అక్కడ సహాయకునిగా పనిచేసిన ఉద్యోగి కుమారుడే వైను బప్పు. నిజాం కళాశాలలో చదువుకొని, 1949లో హార్వర్డులో ఉండగా ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నాడు. బీరువాలో లేని దూరదర్శిని దగ్గర పెరగడమంటే ఏమిటో ఇందువలన ఊహించుకోవచ్చును.

బరువు, గిలక, నియంత్రకం చేయించాలంటే నేడు కూడా మంచి పనివాడు కావాలి. కాని అదే పనిని ఇప్పుడు అరచేతిలో పట్టే గణకయంత్రపు పలక, రెండు చిన్న మోటార్లు చేయగలవు. మోటార్లకు పట్టాలు, పుల్లీలు, బేరింగులు రాణీగంజ్ దుకాణాలలోనూ, ఎలక్ట్రానిక్ సామగ్రి కోఠీ గుజరాతీ గల్లీలోనూ దొరుకుతాయి.

ముందు పీట సంగతి చూద్దాం. దూరదర్శినిని మోసే పీటకు రెండు ఇరుసులు ఉంటాయి. వాటిలో ఒకటి భూమి ఇరుసుకు సమాంతరంగా ఉంటే, ఆ ఒక్క ఇరుసును తిప్పితే చాలు, నక్షత్రం నిలుస్తుంది. దీనినే ధ్రువాక్షం అందాం. రెండవది క్రాంతి ఇరుసు. అది గొట్టాన్ని ఉత్తర దక్షిణాలకు తిప్పడానికే. ధ్రువాక్షం భూతలంతో చేసే కోణం ఆ ఊరి అక్షాంశానికి సమానం. బన్సీలాల్‌పేట అక్షాంశం సుమారు 17 డిగ్రీల 26 కలలు. ఐరోపా, అమెరికాల కోసం చేసిన కొన్ని పీటలు ఇంత కిందికి వంగవు. వంగినా వాటి సమతూకపు బరువు ముక్కాలిపీట కాలికి కొట్టుకుంటుంది. ఈ విషయంలో స్వయంగా చేసుకున్న చెక్క పీటే నయం. అడుగు పలక 50 సెంటీమీటర్లయితే, దాని ఉత్తరపు చివర నిలువుగా 15.7 సెంటీమీటర్ల చెక్క నిలబెట్టి, రెండింటినీ వాలు పలకతో కలపండి. కావలసిన కోణం అదే వస్తుంది. ఇది పదవ తరగతి త్రికోణమితి.

ఇక ఉత్తర దిక్కు. ధ్రువ నక్షత్రం మనకు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కనుక నగరంలో మేడల వెనుకనో, ధూళి పొరలోనో దాగిపోతుంది. దిక్సూచి కూడా మేడ కప్పులోని ఇనుప కడ్డీల దగ్గర మోసం చేస్తుంది. మన పూర్వుల శంకుచ్ఛాయ పద్ధతే మేలు. సమతలమైన చోట నిట్టనిలువుగా కర్ర పాతి, దాని మొదలు కేంద్రంగా ఒక వృత్తం గీయండి. ఉదయం నీడ కొస వృత్తంలోకి ప్రవేశించిన చోటు, సాయంత్రం వెలుపలికి పోయిన చోటు గుర్తుపెట్టి కలిపితే తూర్పు పడమరల రేఖ వస్తుంది. దానికి లంబమే ఉత్తర దక్షిణ రేఖ. మధ్యాహ్నపు నీడను మాత్రం నమ్ముకోవద్దు. మే 9, ఆగస్టు 3 ప్రాంతాలలో సూర్యుడు మన నడినెత్తిన నిలిచి, మధ్యాహ్నం నీడే లేకుండా చేస్తాడు.

ఇప్పుడు మోటారు. దీనిని స్టెప్పర్ మోటారు అంటారు. పంకా మోటారులాగా ఇది గిరగిర తిరగదు. ఒక్కొక్క విద్యుత్ స్పందానికి ఒక్కొక్క అడుగు వేస్తుంది. సాధారణంగా దొరికే దాని అడుగు 1.8 డిగ్రీలు; అనగా చుట్టుకు 200 అడుగులు. పాత ముద్రణ యంత్రాల నుండి ఊడదీసినవి కూడా పనికివస్తాయి గాని, వాటి అడుగు ఎంతో ముందు తెలుసుకోవలెను. మోటారును నడిపే చిన్న పలకను డ్రైవర్ అంటారు. ఎ4988 అనే రకం ఒక్కొక్క అడుగును 16 భాగాలు చేయగలదు. ఎట్లాగంటే, మోటారులోని రెండు తీగచుట్టలలో విద్యుత్తును ఒక్కసారిగా మార్చక, ఒకదానిలో కొంచెం తగ్గిస్తూ రెండవదానిలో కొంచెం పెంచుతుంది. ఇరుసు ఆ రెండింటి మధ్య నిలుస్తుంది. అప్పుడు చుట్టుకు 3,200 చిన్న అడుగులు.

మోటారు పుల్లీకి 20 పళ్ళు, ఎదుటి పుల్లీకి 60 పళ్ళు ఉంటే, పళ్ళ పట్టాతో వేగం మూడో వంతు అవుతుంది. ఆ రెండవ పుల్లీ ఒక మరచుట్టును తిప్పుతుంది. మరచుట్టు ఒక చుట్టు తిరిగితే 144 పళ్ళ చక్రం ఒక్క పన్ను మాత్రమే జరుగుతుంది. ధ్రువాక్షం ఆ చక్రానికే బిగించి ఉంటుంది. కనుక ధ్రువాక్షం ఒక పూర్తి చుట్టు తిరగడానికి 3,200ను 3తోనూ, 144తోనూ గుణించగా 13,82,400 చిన్న అడుగులు పడతాయి. వృత్తంలో 12,96,000 వికలలు ఉన్నాయి. అందువలన ఒక్కొక్క అడుగు 0.94 వికల. కంటికి ఇది కదలికలాగా తోచదు, జారినట్లే ఉంటుంది.

నక్షత్ర దినంలో 86,164.09 సెకన్లు ఉన్నాయి. దీనిని 13,82,400తో భాగిస్తే రెండు అడుగుల మధ్య వ్యవధి వస్తుంది: 62,329 మైక్రోసెకన్లు, ఆపైన చిల్లర. గణకయంత్రం చేయవలసిన పనల్లా ఇంతే. ప్రతి 62,329 మైక్రోసెకన్లకు ఒక స్పందం పంపడం! ఇక్కడ విద్యార్థులు ఒకటి గమనించవలెను. ప్రోగ్రాము రాసేవారు సులువుగా ఉంటుందని మిల్లీసెకన్లలో 62 అని వేస్తే, తప్పు వెయ్యింటికి అయిదు పాళ్ళు. గంటకు నక్షత్రం దాదాపు 5 కలలు తప్పుకుంటుంది. మైక్రోసెకన్లలో రాసి చిల్లరను మాత్రం వదిలితే తప్పు గంటకు మూడో వంతు వికల కూడా ఉండదు. దశాంశ బిందువు తరువాతి అంకెలు పరీక్షలో మార్కులకే కాదన్నమాట.

అంకె సరిగా వేసినా, పలకలోని గడియారం సరిగా లేకపోతే ఫలితం ఉండదు. ఆర్డుయినో ఉనో అనే ప్రసిద్ధమైన పలకలో ప్రధానమైన చిప్పును నడిపేది సెరామిక్ కంపకం. దానిలో వెయ్యింటికి అయిదు పాళ్ళ వరకు తేడా ఉండవచ్చును. అనగా పై తప్పు మళ్ళీ వెనుక ద్వారం నుండి వస్తుంది. ఇ.ఎస్.పి.32 అనే పలకలో సెకనుకు 4 కోట్ల కంపనాలు చేసే స్ఫటికం ఉన్నది. ధర కొన్ని వందల రూపాయలే. నేనైతే దీనినే ఎన్నుకొమ్మంటాను. ప్రోగ్రాము మొత్తం స్వయంగా రాయలేనివారికి హొవార్డ్ డటన్ అనే ఆయన రూపొందించి అందరికీ ఉచితంగా ఇచ్చిన ఆన్‌స్టెప్ ఉన్నది. ఈ పలకపై అది చక్కగా నడుస్తుంది. స్టెల్లేరియం వంటి ఆకాశపటాలతో కూడా కలుపుకోవచ్చును. అయితే మొదట ఒక్క మోటారును, పది పంక్తుల సొంత ప్రోగ్రాముతో తిప్పి చూడడమే పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది.

తీగలు కలిపేటప్పుడు రెండు జాగ్రత్తలు. 12 వోల్టుల సరఫరాకు, డ్రైవరుకు దగ్గరగా 100 మైక్రోఫారడ్ల కెపాసిటరు పెట్టండి. విద్యుత్తు ఉండగా మోటారు తీగను ఎన్నడూ ఊడదీయవద్దు. డ్రైవరు ఆ క్షణమే కాలిపోతుంది. దాని మీది చిన్న మరను తిప్పి విద్యుత్తును మోటారుకు తగినంతగా పెట్టవలెను. ఎక్కువైతే మోటారు కాలుతుంది. తక్కువైతే అడుగులు తప్పుతుంది. తప్పిన అడుగు సంగతి గణకయంత్రానికి తెలియదు! తాను పంపిన స్పందాలను లెక్కపెట్టుకొని, గొట్టం అక్కడే ఉన్నదనుకుంటుంది. కనుక గొట్టం, బరువు రెండు ఇరుసుల మీదా త్రాసులాగా సరితూగేటట్లు అమర్చవలెను. మోటారును ఒక్కసారిగా పరుగెత్తించక, వేగాన్ని క్రమంగా పెంచి క్రమంగా తగ్గించవలెను.

వెంబడించడమే గాక, కోరిన నక్షత్రం దగ్గరకు గొట్టాన్ని పంపడం కూడా ఈ లెక్కల వలననే సాధ్యం. సిరియస్ అనే మృగవ్యాధ నక్షత్రం విషువాంశ 6 గంటల 45 నిమిషాలు. మన ఊరి నక్షత్ర కాలం 8 గంటల 45 నిమిషాలైనప్పుడు, అది మధ్యాహ్న రేఖను దాటి రెండు గంటలైనదని అర్థం. రెండు గంటలంటే 30 డిగ్రీలు. మధ్యాహ్న రేఖ నుండి మోటారు వేయవలసినవి సరిగా 1,15,200 అడుగులు. సెకనుకు 2,000 చొప్పున వేస్తే ఒక నిమిషంలోపలే చేరుతుంది.

అయితే నక్షత్ర కాలం ఎట్లా తెలుసుకోవడం? గణకయంత్రమే తేదీని బట్టి కట్టుకుంటుంది. మనం రేఖాంశం సరిగా ఇవ్వవలెను. భారత ప్రామాణిక కాలం 82 డిగ్రీల 30 కలల రేఖాంశానిది. బన్సీలాల్‌పేట సుమారు 78 డిగ్రీల 30 కలలపై ఉన్నది. మధ్య 4 డిగ్రీలు, కాలంలో 16 నిమిషాలు. దీనిని మరచినవారి గొట్టం కోరిన చోటికి ఎనిమిది చంద్రబింబాల దూరంలో నిలుస్తుంది. మిగిలిన చిన్న తేడాలను ఒకటి రెండు తెలిసిన నక్షత్రాలపై గురిపెట్టి, గణకయంత్రానికి ‘ఇదే ఆ నక్షత్రం’ అని తెలిపి సరిదిద్దవచ్చును. పగటి పూట మాత్రం దీనిని ఉన్నట్టుండి తిరగనీయవద్దు. దారిలో సూర్యుడు తగిలితే కన్ను పోతుంది.

లోపాలు ఉండకపోవు. మరచుట్టు కొంచెం వంకరగా ఉంటే, అది తిరిగే ప్రతి 598 సెకన్లకు ఒకసారి నక్షత్రం ముందుకు వెనుకకు ఊగుతుంది. పళ్ళ మధ్య సందు ఉంటే దిశ మార్చినప్పుడు కొంతసేపు గొట్టం కదలదు. ఛాయాచిత్రాలకు ఇవి పెద్ద చిక్కులే. కంటితో చూడడానికి కావు. ధ్రువాక్షం ఒక డిగ్రీ తప్పుగా ఉన్నా నక్షత్రం గంటకు 16 కలల కంటె ఎక్కువ జరగదు. 40 మంది పిల్లలు చూసే 20 నిమిషాలలో 5 కలలు. కనబడే భాగం 30 కలలు గనుక శనిగ్రహం మధ్యనుండి అంచు వరకు కూడా పోదు. మోటారును వ్యతిరేక దిశలో కలిపి ఉంటే మాత్రం గ్రహం రెండింతల వేగంతో పరుగెత్తుతుంది. అది వెంటనే తెలిసిపోతుంది.

రాత్రి కోసం వేచి ఉండకుండా పగలే బల్ల మీద పరీక్షించే మార్గం ఒకటి ఉన్నది. మోటారు పుల్లీకి చిన్న కాగితపు జెండా అంటించి, అది 18 చుట్లు తిరగడానికి ఎంత కాలం పడుతుందో మంచి గడియారంతో చూడండి. 59 నిమిషాల 50 సెకన్లు పట్టవలెను. 59 నిమిషాల 31 సెకన్లకే పూర్తయితే ఎవరో 62 మిల్లీసెకన్లు అని రాశారన్నమాట. సరిగా గంట పట్టినట్లయితే, నక్షత్ర దినానికి బదులు మన మామూలు 24 గంటల దినం వేశారని తెలుసుకోవలెను.