పది నిమిషాల నాటకానికి పదేళ్లు

2020 మార్చి 12. న్యూయార్క్ బ్రాడ్‌వేలో 'సిక్స్' అనే కొత్త మ్యూజికల్‌కు ఆ సాయంత్రమే ప్రారంభోత్సవం. తెర లేవడానికి ఇంకా కొన్ని గంటలుందనగా, కరోనా వల్ల బ్రాడ్‌వే థియేటర్లన్నీ మూసేయాలని ఉత్తర్వు వచ్చింది. ఆ నాటకం రాసిన టోబీ మార్లో, లూసీ మాస్‌లకు అప్పటికి పాతికేళ్లు, అటూ ఇటూగా. తిరిగి తెర లేచేసరికి ఏడాదిన్నర దాటి 2021 అక్టోబర్ వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు ఉత్తమ గీతాలు, సంగీతానికి వాళ్ల చేతికొచ్చింది. మార్లోతో కలిసి రాయడమే కాదు, లూసీ దర్శకత్వంలోనూ పాలు పంచుకుంది. బ్రాడ్‌వే మ్యూజికల్‌కు దర్శకత్వం వహించిన మహిళల్లో అందరికన్నా చిన్నది ఆమేనని రికార్డు.

2017లో వీళ్లిద్దరూ కేంబ్రిడ్జ్‌లో ఆఖరి సంవత్సరం విద్యార్థులు. ఎడిన్‌బరోలో ఏటా ఆగస్టులో జరిగే ఫ్రింజ్ ఉత్సవానికి యూనివర్సిటీ మ్యూజికల్ థియేటర్ సొసైటీ తరఫున ఒక కొత్త నాటకం కావలసి వచ్చింది. కవిత్వం క్లాసులో కూర్చున్న మార్లోకు ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ భార్యలు గుర్తొచ్చారు. ఆరుగురు. ఇద్దరి తలలు తీయించాడు, ఇద్దరితో పెళ్లి రద్దు చేసుకున్నాడు, ఒకామె ప్రసవమయ్యాక పోయింది, ఒకామె మాత్రం ఆయన పోయేనాటికీ భార్యగానే ఉంది. ఈ ఆరుగురూ పాప్ బ్యాండ్‌గా వేదికెక్కి, 'మాలో ఎవరు ఎక్కువ కష్టపడ్డారో తేల్చండి' అని పోటీ పడితే? పరీక్షల మధ్య వీలు చిక్కినప్పుడల్లా రాశారు. తోటి విద్యార్థులతో ఆడించారు. రెండేళ్లు తిరక్కుండానే అది లండన్ వెస్ట్ ఎండ్‌కు చేరింది.

ఇలాంటి కథలు వింటే కొత్త మ్యూజికల్ రాయడం కాలేజీ సరదాలా కనిపిస్తుంది. 'సిక్స్' అదృష్టం మాత్రం నూటికో కోటికో ఒకరికి పట్టేది. మిగతావాళ్ల దారి చాలా పొడవు. ఆ దారిలో అడుగడుగునా నిలబడటానికి చిన్న చిన్న గదులు ఉండటం వల్లనే కొత్తవాళ్లు పైకి రాగలుగుతున్నారు.

మ్యూజికల్‌లో మూడు రచనలుంటాయి. కథ, సన్నివేశాలు, సంభాషణలు కలిపి ఒకటి. దాన్ని 'బుక్' అంటారు. పాటల సాహిత్యం రెండోది. సంగీతం మూడోది. మూడూ ఒక్కరే రాయొచ్చు, ముగ్గురు కూర్చుని రాయొచ్చు. మన సినిమా సంగతి మనకు తెలుసు: ట్యూన్ ముందు వస్తుంది, మాటలు తరవాత కూరుస్తారు, సినిమా నిడివి పెరిగిందంటే రిలీజైన వారానికి పాటకు కత్తెర పడుతుంది. కథకేమీ కాదు. మ్యూజికల్ రాసేవాళ్లకు మొదట నేర్పేది దీనికి సరిగ్గా ఎదురు. పాట తీసేసినా కథ అర్థమవుతుందంటే ఆ పాట అక్కడ ఉండకూడదు. పాట మొదలైనప్పుడు ఉన్న మనిషి, పాట ముగిసేసరికి ఏదో ఒక నిర్ణయానికి రావాలి, లేదా ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. నాటకం మొదట్లోనే కథానాయిక 'నాకిది కావాలి' అని పాడాలన్నది మరో సూత్రం. డిస్నీ 'ది లిటిల్ మెర్మెయిడ్'లో సముద్రం అడుగున ఉన్న పిల్ల నేల మీదికి రావాలని పాడే పాట ఆ కోవలోదే. దానికి సంగీతం కట్టిన అలన్ మెంకెన్ ఈ సూత్రాలు చెప్పే వర్క్‌షాప్ నుంచే వచ్చాడు.

ఆ వర్క్‌షాప్ పేరు బీఎంఐ లేమన్ ఎంగెల్ మ్యూజికల్ థియేటర్ వర్క్‌షాప్. బ్రాడ్‌వేలో ఆర్కెస్ట్రా నడిపించిన లేమన్ ఎంగెల్, సంగీత హక్కుల సంస్థ బీఎంఐతో కలిసి 1961లో న్యూయార్క్‌లో మొదలుపెట్టాడు. ఫీజు లేదు. పాటల రచయితలు, సంగీత దర్శకులు దరఖాస్తు చేసుకుని, పని చూపించి చేరాలి. మొదటి ఏడాది జంటలను మారుస్తూ అభ్యాసాలిస్తారు: పేరున్న ఫలానా నాటకంలో ఫలానా పాత్రకు ఒక పాట రాయండి, అని. రాసింది తోటివాళ్ల ముందు పియానో మీద వాయించి పాడాలి. మొహం మీదే విమర్శ వస్తుంది. జంటలను మార్చడంలో మరో లాభమూ ఉంది; ఎవరికి ఎవరితో కుదురుతుందో అక్కడే తేలిపోతుంది. 'ర్యాగ్‌టైమ్' రాసిన లిన్ ఆరెన్స్, స్టీఫెన్ ఫ్లాహెర్టీ అక్కడే కలిశారు. రాబర్ట్ లోపెజ్‌కు 'ఎవెన్యూ క్యూ' సహ రచయిత జెఫ్ మార్క్స్ అక్కడే దొరికాడు, భార్య క్రిస్టెన్ కూడా అక్కడే పరిచయమైంది. ఈ దంపతులే తరవాత 'ఫ్రోజెన్' పాటలు రాశారు. 2023లో మన 'నాటు నాటు'కు వచ్చిన ఆస్కార్ విభాగంలోనే వీళ్లు రెండుసార్లు గెలిచారు.

ఈ వర్క్‌షాప్ నుంచి వచ్చినవాటిలో 'నెక్స్ట్ టు నార్మల్' కథ వివరంగా చెప్పుకోదగ్గది. టామ్ కిట్, బ్రయన్ యార్కీ 1998లో వర్క్‌షాప్ కోసం పది నిమిషాల నాటకం ఒకటి చేశారు. మానసిక వ్యాధితో బాధపడే ఒక గృహిణికి విద్యుత్ షాక్ చికిత్స ఇవ్వడం అందులో విషయం. మొదట్లో అది వైద్యం మీద రాక్ సంగీతంతో చేసిన వ్యంగ్యం. దాన్ని పెంచుతూ, చిన్న చిన్న చోట్ల చదివి వినిపిస్తూ, తిరగరాస్తూ పోయారు. 2005లో న్యూయార్క్ మ్యూజికల్ థియేటర్ ఫెస్టివల్‌లో ఆడింది. 2008లో ఆఫ్-బ్రాడ్‌వేకు, అంటే బ్రాడ్‌వే వాటికన్నా చిన్న థియేటర్‌కు చేరింది. విమర్శకులు మెచ్చుకున్నారు గానీ పూర్తిగా కాదు: వ్యంగ్యం ఒకవైపు, ఆ ఇల్లాలి దుఃఖం మరోవైపు లాగుతున్నాయన్నారు.

సాధారణంగా అక్కడితో అయిపోవాలి. వీళ్లు నాటకాన్ని వాషింగ్టన్ ప్రాంతంలోని అరీనా స్టేజ్‌కు తీసుకెళ్లి మళ్లీ విప్పారు. వైద్యాన్ని వెక్కిరించే భాగాలు తగ్గించి, ఒకప్పుడు నాటకానికి పేరు పెట్టిన పాటనే తీసిపారేశారు. మిగిలింది తల్లి, తండ్రి, కూతురు, చనిపోయినా తల్లి కళ్లకు కనిపిస్తూనే ఉన్న కొడుకు. 2009లో బ్రాడ్‌వే మీద తెర లేచింది. మూడు టోనీలు, 2010లో నాటక రచనకిచ్చే పులిట్జర్. పది నిమిషాల నాటకం పూర్తి కావడానికి పదేళ్లకు పైగా పట్టింది. తమ నాటకంలో తమకు నచ్చిన పాటను తామే తీసేయగలగడం ఆ పదేళ్లలో వచ్చిన ధైర్యమే.

అంత ధైర్యం నేర్పేవాళ్లు దొరకడం కూడా ముఖ్యమే. తరవాత పేరుమోసిన మ్యూజికల్ రచయితైన స్టీఫెన్ సాంధైమ్ పదిహేనేళ్ల వయసులో తన స్కూలు మీద ఒక మ్యూజికల్ రాసి, పక్కనే ఉండే ఆస్కార్ హామర్‌స్టీన్‌కు ఇచ్చాడు. 'ఓక్లహోమా' రాసిన మహా రచయిత ఆయన. తాను చదివినవాటిలో ఇదే అధ్వాన్నమని ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఆ మధ్యాహ్నమంతా కుర్రాణ్ని కూర్చోబెట్టుకుని ఎక్కడ ఎందుకు చెడిందో మొదటి పేజీ నుంచీ వివరించాడు. తరవాత నాలుగు పనులు అప్పగించాడు: బాగా నచ్చిన నాటకం ఒకటి, లోపాలున్నాయనిపించిన నాటకం ఒకటి, నాటకంగా ఎవరూ మార్చని కథ ఒకటి తీసుకుని మ్యూజికల్స్‌గా రాయాలి, నాలుగోది పూర్తిగా సొంతంగా అల్లాలి. సొంత కథను ఆఖరున పెట్టడం గమనించాల్సిన విషయం. సాంధైమ్ తన జీవితమంతా ఈ అప్పు తీర్చుకున్నాడు. ఆయన ప్రోత్సహించిన కుర్రవాళ్లలో జొనాథన్ లార్సన్ ఒకడు.

లార్సన్ ఏళ్ల తరబడి న్యూయార్క్‌లో ఒక డైనర్‌లో వెయిటర్‌గా పనిచేస్తూ 'రెంట్' రాశాడు. 1996 జనవరి 25న, చిన్న థియేటర్‌లో మొదటి ప్రదర్శన ఉన్న రోజునే, 35 ఏళ్ల వయసులో చనిపోయాడు. నాటకం పులిట్జర్ గెలిచి బ్రాడ్‌వేలో 12 ఏళ్లు ఆడింది. ఇంట్లోవాళ్లు, స్నేహితులు ఆయన పేరిట పెట్టిన గ్రాంటు ఇప్పటికీ కొత్త రచయితలకు అందుతోంది. దాన్ని అందుకున్న మైకేల్ ఆర్. జాక్సన్, 'ది లయన్ కింగ్' ఆడే థియేటర్‌లో ప్రేక్షకులకు సీట్లు చూపించే ఉద్యోగం చేసినవాడు. అదే ఉద్యోగం చేస్తూ మ్యూజికల్ రాసుకునే నల్లజాతి యువకుడి కథను 'ఎ స్ట్రేంజ్ లూప్'గా మలిచాడు. మోనోలాగ్‌గా మొదలైన ఆ రచన దాదాపు రెండు దశాబ్దాలు నలిగి 2020లో పులిట్జర్, 2022లో టోనీ సాధించింది.

డబ్బు సంగతి చెప్పకపోతే ఇదంతా అందమైన కథలాగే ఉండిపోతుంది. బ్రాడ్‌వే మీద పెద్ద మ్యూజికల్‌కు కోటిన్నర, రెండు కోట్ల డాలర్లు ఖర్చవడం మామూలే. అందుకే నిర్మాతలు ప్రేక్షకులకు ముందే తెలిసిన సినిమా పేర్ల వెంట పడతారు. కొత్త కథకు కావలసింది తక్కువ ఖర్చుతో తప్పు తెలుసుకునే అవకాశం. 'రీడింగ్' పుట్టింది అందుకే. సెట్లు లేవు, దుస్తులు లేవు. నటులు కాగితాలు ముందు పెట్టుకుని పియానో తోడుగా చదువుతారు, పాడతారు. నటుల యూనియన్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం మొత్తం పని 29 గంటలు దాటకూడదు. అందుకే దాన్ని '29 గంటల రీడింగ్' అనే పిలుస్తారు. అమెరికాలో మ్యూజికల్ థియేటర్ సంస్థల సమాఖ్య ఏటా జరిపే ఉత్సవంలో కొత్త మ్యూజికల్స్‌ను 45 నిమిషాల చొప్పున నిర్మాతల ముందు వినిపిస్తారు. 'కమ్ ఫ్రమ్ అవే' అలా బయటికొచ్చిందే. 2001 సెప్టెంబర్ 11న దారి మళ్లిన 38 విమానాల ప్రయాణికులకు కెనడాలోని గాండర్ ఊరు అన్నం పెట్టిన కథ అది. కెనడా దంపతులు ఐరీన్ సాంకాఫ్, డేవిడ్ హైన్ దాన్ని షెరిడన్ కాలేజీ విద్యార్థులతో మొదలుపెట్టారు.

రచయితల పక్షాన ఒక గట్టి నియమం మాత్రం ఉంది. హాలీవుడ్‌లో స్క్రిప్టు స్టూడియో సొత్తు. అమెరికన్ నాటకరంగంలో కాపీరైట్ రచయితదే, నిర్మాత అద్దెకు తీసుకున్నట్టు లెక్క. రచయిత ఒప్పుకోనిదే ఒక్క మాట మార్చకూడదు. బ్రాడ్‌వేలో ఆట ముగిశాక కూడా స్కూళ్లు, కాలేజీలు, ఊళ్లలోని నాటక సంఘాలు రుసుము కట్టి ఆ నాటకాన్ని ఆడుకుంటాయి. ఒక్కటి నిలబడినా ఏళ్ల తరబడి అన్నం పెడుతుంది.

చిన్న గదుల్లోంచి ఇలా పైకి రావడం అమెరికాలోనే సాధ్యమనుకోనక్కర్లేదు. సోల్ నగరంలో దేహాంగ్నో అనే పేట నిండా చిన్న థియేటర్లే. హ్యూ పార్క్, విల్ ఆరన్సన్ రాసిన 'మేబీ హ్యాపీ ఎండింగ్' 2016లో కొరియన్ భాషలో సోల్‌లోనే పుట్టింది. పాతబడి పక్కన పెట్టేసిన రెండు రోబోల ప్రేమకథ. 2024లో బ్రాడ్‌వేకు వచ్చినప్పుడు మొదటి వారాల్లో టికెట్లు అంతంతమాత్రమే. చూసినవాళ్లు నలుగురికీ చెప్పడంతో పుంజుకుని, 2025లో ఉత్తమ మ్యూజికల్‌తో కలిపి ఆరు టోనీలు గెలిచింది. లండన్‌లో 80 సీట్ల న్యూ డయోరమా థియేటర్‌లో 2019లో మొదలైన 'ఆపరేషన్ మిన్స్‌మీట్'దీ ఇదే దారి. నలుగురు స్నేహితులు కలిసి రాసి, ఆడిన ప్రతి చోటా మారుస్తూ ఐదేళ్లలో లండన్ నాటకాలకిచ్చే ఒలీవియర్ అవార్డు దాకా తీసుకెళ్లారు.

తెలుగువాళ్లకు పాడే నాటకం కొత్త కాదు. 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన నాటక సమాజం వారసులు ఇవాళ్టికీ ఆడుతున్నారు. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలకు 'వన్స్‌మోర్' అన్న తరాలు మనవి. నిజానికి ఆ పద్యాలు రాగం కోసం ఆగినట్టు కనిపించినా లోపల వాదన నడుపుతాయి. ఎంగెల్ విని ఉంటే తన సూత్రానికి ఉదాహరణగా చెప్పేవాడు. బలిజేపల్లి వారి 'హరిశ్చంద్ర' కాటిసీనులో జాషువా శ్మశాన పద్యాలు వచ్చి చేరిన సంగతీ అందరికీ తెలిసిందే. వేదిక మీద పెరుగుతూ పోయే నాటకం మన దగ్గరా ఉండేది. పద్యనాటకాలు ఇప్పటికీ కొత్తవి రాస్తున్నారు, పరిషత్తుల్లో పోటీలు జరుగుతున్నాయి. ఇతివృత్తం మాత్రం ఎక్కువగా పురాణమో చరిత్రో. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, కోచింగ్ హాస్టల్ పిల్లవాడు, డల్లాస్‌లో ఒంటరిగా ఉంటున్న తల్లి వేదిక మీద పాడటం అరుదు.

సొంతంగా పాటలు చేసి యూట్యూబ్‌లో పెట్టే తెలుగు కుర్రకారుకు కొదవ లేదు. షార్ట్‌ఫిల్ములకు రాసేవాళ్లకూ కొదవ లేదు. వీళ్లిద్దరూ కలుసుకునే గదే లేదు. నాటిక పోటీలు జరిపే పరిషత్తులు, రంగస్థల శాఖలున్న విశ్వవిద్యాలయాలు వచ్చే ఏడాది తమ కార్యక్రమంలో పది నిమిషాల కొత్త సంగీత నాటికకు ఒక విభాగం చేర్చాలి. సెట్టింగులు అక్కర్లేదు, ఒక హార్మోనియమో కీబోర్డో, నలుగురు గాయకులు చాలు. బహుమతి సొమ్ములో సగం, గెలిచిన జంట ఆ నాటికను తిరగరాసి మరుసటి ఏడాది మళ్లీ ఆడటానికి కేటాయించాలి.