కర్నూలు గుహలు – ఎం.ఎల్.కె. మూర్తి వ్యాఖ్యాన పద్ధతి
నేటి నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పరిశీలించాడు. తరువాత, 1970వ దశకం ఆరంభంలో, ఎం.ఎల్.కె. మూర్తి ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వకాలు జరిపి పాత రాతియుగపు చివరి దశకు చెందిన రాతి, ఎముక పనిముట్లను గుర్తించారు. వాటిని వాడినవారు ఎలా బతికారు? పనిముట్లు తమంత తాముగా చెప్పవు. అందుకే ఆయన ఈ ప్రాంతపు వేట, ఆహార సేకరణ సమూహాల జీవనంతో పోల్చి, 1985లో అధ్యయనం ప్రచురించారు. ఈ పద్ధతే ఎత్నో ఆర్కియాలజీ.

అయితే పోలిక రుజువు కాదని గుర్తుంచుకోండి. నేటి చెంచులు రాతియుగపు మనుషులు కారు. వారికీ తమదైన చరిత్ర ఉంది. పోలిక ఊహనిస్తుంది, దాన్ని నిలబెట్టేవీ, పడగొట్టేవీ తవ్వకపు ఆధారాలే.

అభ్యాసం: ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కేచోట రాలిన రాతి పెళ్ళలను గమనించండి. విగ్రహం తరలిపోయాక, వాటిని బట్టి ఏమి చెప్పగలరు? ఏమి చెప్పలేరు?