జాగ్రఫీ డిగ్రీ: అప్పెంత, రాబడెంత?

'జాగ్రఫీ చదివితే ఏమొస్తది?' పాతబస్తీలో పిల్లని డిగ్రీలో చేర్పించే ముందు దళితుల ఇళ్లల్లో అడిగే ప్రశ్న ఇది. చదువు విలువ తెలియనోళ్ల ప్రశ్న అని దీన్ని కొట్టిపారేసే అలవాటు మన విశ్వవిద్యాలయాల్లో ఉంది. తాతల నాటి ఆస్తి ఉన్న ఇంట్లో డిగ్రీ అలంకారం కావచ్చు. తెల్లారకముందే చీపురు పట్టుకుని రోడ్డెక్కే ఇంట్లో అది పెట్టుబడి. పెట్టుబడి పెట్టేవాళ్లకి లెక్క అడిగే హక్కుంది.

ఇదే నగరంలో భాగ్యరెడ్డి వర్మ (1888-1939) ఆది హిందూ పిల్లలకు బడులు పెట్టిన రోజుల్లో, పిల్లలు అసలు బడి గడప తొక్కడమే పోరాటం. ఇవ్వాళ్టి పోరాటం బడి నుంచి బయటికొచ్చినాక మొదలవుతున్నది. జాగ్రఫీ విషయంలో ఇది మరీ స్పష్టం. ఈ డిగ్రీ మనల్ని అప్పుల్లోకి దించేది కాలేజీలో ఉన్న మూడేళ్లలో కన్నా, డిగ్రీ చేతికొచ్చిన తర్వాతి మూడేళ్లలోనే ఎక్కువ. ఎట్లాగో ఒక్కొక్క పద్దు తీసి చూద్దాం.

ఫీజు పద్దు

ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్నప్పుడు మొదలైంది. దానివల్ల సర్కారు కాలేజీలో బిఏ చదివే పిల్లలకు ఫీజు పెద్ద భారం కాదు. ఉస్మానియా దాకా పోయి చదవాలంటే రోజూ మూసీ దాటాలి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మగపిల్లలకు పాసు ఖర్చు ఉంది.

దెబ్బ రెండు చోట్ల తగులుతుంది. మొదటిది ఆదాయ పరిమితి. కేంద్ర పథకంలో తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. తల్లీ తండ్రీ ఇద్దరూ పనికిపోయి నెలకి చెరో 11,000 తెచ్చినా ఏడాదికి 2,64,000 అవుతుంది. అంటే ఇద్దరూ కష్టపడే ఇల్లు, లెక్కలో 'ఉన్నోళ్ల' ఇల్లయిపోతుంది.

రెండోది ఆలస్యం. మంజూరైన డబ్బు రాకపోతే అదీ అప్పే. ఫీజు బకాయిలు ఇవ్వాలని తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు 2025 నవంబర్‌లో బంద్ పాటించాయి. సర్కారు కాలేజీకి బాకీ పడితే, కాలేజీ పిల్ల సర్టిఫికెట్ ఆపుతుంది. సర్టిఫికెట్ లేకపోతే నౌకరి లేదు. పరిశోధన స్థాయిలోనూ అంతే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయేనాటికి అతనికి ఏడు నెలల ఫెలోషిప్, 1.75 లక్షల రూపాయలు, రావాల్సి ఉంది. ఆ సంగతి అతను తన చివరి ఉత్తరంలోనే రాశాడు.

ఇంటికి రాని కూలి

ఈ పద్దును ఎవరూ రాయరు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు మదీనా దగ్గర బట్టల దుకాణంలో కుదిరితే నెలకి 12,000 వస్తుందనుకుందాం. డిగ్రీ మూడేళ్లకి అది 4,32,000. ఏ సర్కారు కాలేజీ ఫీజు కన్నా ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. బస్తీ తల్లి 'ఏమొస్తది' అని అడిగేటప్పుడు ఆమె మనసులో ఉన్నది ఈ అంకెనే.

మిత్తి పద్దు

డిగ్రీ అయినాక జాగ్రఫీ విద్యార్థికి మూడు దార్లు కనబడతాయి: కంప్యూటర్లో పటాలు తయారుచేసే జిఐఎస్ కోర్సు, బిఎడ్, పోటీ పరీక్షల కోచింగ్. మూడింటికీ చేతిలో డబ్బుండాలి. ఇక్కడే అప్పు ఇంట్లోకొస్తుంది.

లక్ష రూపాయలు తెచ్చారనుకుందాం. బస్తీలో నూటికి మూడు రూపాయల మిత్తి అంటే నెలకి 3,000, ఏడాదికి 36,000. రెండేళ్లు ఏమీ కట్టలేకపోతే చక్రవడ్డీ లేకుండానే బాకీ 1,72,000. అదృష్టం బాగుండి వెంటనే నౌకరి దొరికి నెలకి 5,000 కడుతూపోతే 31 నెలలకి తీరుతుంది, మొత్తం కట్టేది 1,55,000. అదే లక్ష బ్యాంకు 10 శాతానికి ఇస్తే 22 నెలల్లో, 1,10,000 లోపే తీరుతుంది. మధ్యనున్న 45,000 తేడా బ్యాంకు గడప లోపల ఉన్నోడికీ బయట ఉన్నోడికీ మధ్య తేడా.

మరి బ్యాంకుకే పోవచ్చు కదా? చదువు కాలానికి వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009లో వచ్చింది. అది సాంకేతిక, వృత్తి కోర్సులకే. ఇంజనీరింగ్ దాని కిందికి వస్తుంది, ఎంఏ జాగ్రఫీ రాదు. 2024 నవంబర్‌లో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో ఏ కోర్సుకైనా జమానతు లేకుండా అప్పు ఇస్తామన్నారు. కాని పూర్తి వడ్డీ మాఫీ మాత్రం మళ్లీ సాంకేతిక, వృత్తి కోర్సులకే, 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్నోళ్లకే. వీధిచివరి సెంటర్లో నేర్పే జిఐఎస్ కోర్సుకి ఈ పథకం వర్తించదు. ఏ చదువుకి మార్కెట్ ఉందో దానికే రాయితీ, సామాజిక శాస్త్రాలు చదివే పేదోడికి బస్తీ మిత్తి.

రాబడి పద్దు

హైదరాబాద్ పటాల నగరం. 1767లో పుట్టిన సర్వే ఆఫ్ ఇండియాకి ఉప్పల్‌లో శిక్షణ సంస్థ ఉంది. నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ బాలానగర్‌లో ఉంది. 1991లో ఇక్కడే మొదలై ఇప్పుడు సైయెంట్ పేరుతో నడుస్తున్న ఇన్ఫోటెక్ లాంటి కంపెనీలు విదేశాలకు పటాల పని చేసిపెట్టాయి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల సమాచారం మీద ఆంక్షలు సడలించింది. కాబట్టి పని లేదనడం సరికాదు.

ఆ పని ఎవరికి అందుతున్నది అన్నదే ప్రశ్న. సర్కారు సంస్థల్లో రిజర్వేషన్ ఉంది, ప్రైవేటు కంపెనీల్లో లేదు. కంపెనీలో మొదటి జీతం 18,000 అనుకుంటే, అప్పు వాయిదా 5,000 పోను మిగిలేది 13,000. అందులోంచి ఫలక్‌నుమా నుంచి మాదాపూర్ దాకా రాకపోకలో, అక్కడే గది కిరాయో పెట్టుకోవాలి. గది దొరకాలంటే 'మీరేమిట్లు?' అన్న ప్రశ్న దాటాలి. బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో 1913లో అమెరికా పోయిన అంబేద్కర్, పదేళ్లు కొలువు చేస్తానని రాసిచ్చిన ఒప్పందం ప్రకారం 1917లో బరోడా వస్తే, ఉండటానికి గది దొరకలేదు. బాండు కాగితంలో చదువు ఖర్చు రాసుంది, కులం ఖర్చు రాసిలేదు. ఇప్పటికీ ఆ పద్దు ఖాళీగానే ఉంది.

బడి నౌకరి జీతం మంచిదే. తెలంగాణలో 2020 వేతన స్కేళ్ల ప్రకారం స్కూల్ అసిస్టెంట్ మూలవేతనం 42,300తో మొదలవుతుంది. కాని 2017 నోటిఫికేషన్ తర్వాత జిల్లాల సర్కారు బళ్లలో టీచర్ల భర్తీ మళ్లీ జరిగింది 2024లోనే, 11,062 పోస్టులతో. గ్రూప్-1 మెయిన్స్‌లో జాగ్రఫీకి చోటుంది. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకి మళ్లీ ఇచ్చారు, మెయిన్స్ ఆ అక్టోబర్‌లో జరిగాయి. అప్పు తెచ్చి కోచింగ్‌లో కూర్చున్నోడికి ఈ రెండున్నరేళ్లూ మిత్తి ఆగలేదు. పరీక్ష రద్దు చేయొచ్చు, మిత్తిని ఎవరూ రద్దు చేయరు.

లెక్క తేల్చేదెట్లా?

సర్కారు కాలేజీలో, స్కాలర్‌షిప్ మీద, బస్తీ అప్పు లేకుండా చదివే జాగ్రఫీ నష్టం తెచ్చే చదువు కాదు. చేరేముందు మూడు సంగతులు చూసుకోవాలి. ఆ కాలేజీలోనే జిఐఎస్ నేర్పుతారా? నేర్పితే బయటి కోర్సు ఖర్చు తప్పుతుంది. డిగ్రీ తర్వాత ఎన్నేళ్లు ఎదురుచూడగలమో ఇంట్లో ముందే మాట్లాడుకున్నారా? మిత్తికి తెచ్చే ప్రతి రూపాయీ ఏ నెల నుంచి తీర్చగలమో రాసుకున్నారా?

ఇవి ఇంటి లెక్కలు. సర్కారు తేల్చాల్సిన లెక్కలు వేరే ఉన్నాయి. వడ్డీ రాయితీని సామాజిక శాస్త్రాలకూ ఇవ్వాలి. ఆదాయ పరిమితి పెంచాలి. ఫీజు బాకీకి విద్యార్థి సర్టిఫికెట్‌ని తాకట్టు పెట్టుకోవడం ఆపాలి. పాతబస్తీ సర్కారు డిగ్రీ కాలేజీల్లో జిఐఎస్ ప్రయోగశాలలు పెట్టాలి. ప్రభుత్వ పటాల పని కాంట్రాక్టు తీసుకునే కంపెనీల్లో రిజర్వేషన్ ఉండాలి. ఇవేమీ చేయకుండా 'జాగ్రఫీకి గిరాకీ లేదు' అనడం, బస్తీ పిల్లలు పడుతున్న నష్టాన్ని వాళ్ల ఎంపిక మీదికే నెట్టడం.